పంచిపెట్టిన దండాలు

మసేను నీళ్ళలో దిగితే చేపలు పక్కకు తప్పుకుని దారి ఇస్తాయని గవ్వలపాలెంలో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. చేపలకు అంత మర్యాద ఎవరు నేర్పారు? ఒక్క సొరచేప మాత్రం, అదీ ముసలిది, ఒకసారి తప్పుకుందట. అది కూడా మసేను మీద గౌరవంతో కాదు, ఆయన ఒంటికి పట్టించిన ఆముదం కంపు భరించలేక.

నిజం చెప్పాలంటే, విశాఖపట్నం దాటాక భీమిలి దారిలో ఉన్న ఆ చిన్న బీచికి ఇరవైమూడేళ్ళుగా ఆయనే గజ ఈతగాడు. నల్లటి మనిషి, పొట్టి మెడ, తెడ్లలాంటి చేతులు. పట్నం నుంచి వచ్చిన జనం కెరటాన్ని చూడగానే కేరింతలు కొడుతూ దిగిపోతారు. వాళ్ళలో ఎవడో ఒకడు నీళ్ళు వెనక్కి గుంజే చోట కాలు పెడతాడు. గట్టుమీద కేక పుడుతుంది. ఆ కేక పూర్తయ్యేలోపు మసేను సగం దూరంలో ఉంటాడు. ఎడమ భుజం ముందుకు తోసి, తల వంచి, కుమ్మడానికి వచ్చే ఎద్దులా పరిగెత్తుతాడు. మునిగేవాడి జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు ఈడ్చుకొస్తాడు. బట్టతలవాళ్ళను ఎలా తెస్తాడని అడక్కండి, అదో పెద్ద భారతం.

ఒడ్డున పడ్డవాడు దగ్గి, కక్కి, లేచి దండం పెడతాడు. వాడి అమ్మో పెళ్ళామో కాళ్ళమీద పడబోతుంది. ఆ పేటలో దానికొక పద్ధతి ఉంది. దండం పెట్టేవేళకు ఈతగాడు చటుక్కున పక్కకు జరగాలి. అప్పుడా దండం వెళ్ళి వెనకాల ఉన్న సముద్రానికి తగులుతుంది. ప్రాణం వదిలిపెట్టింది గంగమ్మ, మోసుకొచ్చింది మాత్రమే మనిషి. ఆవిడకు చెందిన దండం మనిషి పుచ్చుకుంటే, మర్నాడు ఆవిడ ఆ మనిషి ప్రాణమే అడుగుతుంది. మసేను తండ్రి కొడుక్కి నేర్పిన మొదటి విద్య ఈత కాదు, ఇలా పక్కకు జరగడం. ఇరవైమూడేళ్ళలో ఒక్క దండం కూడా తన ఒంటికి తగలలేదని మసేను ధీమా.

ఆ ధీమాయే కొంప ముంచింది.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం నలభయ్యేళ్ళ ఆవిడ ఒకరు చెప్పులు చేత్తో పట్టుకుని బీచిలో తిరిగారు. రెండో చేతిలో టార్చిలైటు లాంటి పరికరం. దాన్ని మనుషుల గుండెలకేసి చూపిస్తూ, వెనకాల ఉన్న ముల్లు చూసుకుంటూ నడుస్తున్నారు. వేరుశెనక్కాయలు అమ్మేవాడి ముందు ముల్లు కాస్త కదిలింది. బుడగలవాడి ముందు ఇంకాస్త. కాపలా ఉన్న కానిస్టేబుల్ ముందు ముల్లు నిద్రపోయింది. మసేను ముందుకు వచ్చేసరికి మాత్రం చివరిదాకా వెళ్ళి కొట్టుకుని, పరికరం పిల్లిలా అరిచింది.

మసేను గుండె చేత్తో పట్టుకున్నాడు. "ఏటమ్మా, నాకేటైనా జబ్బా?"

"జబ్బు కాదండీ. మీరేం పని చేస్తారు?"

"మునిగినోళ్ళని తెత్తాను. మునగనోళ్ళని తిడతాను."

ఆవిడ నవ్వలేదు. ఆ పరికరాన్ని మరోసారి చూసుకుని, అలా ఇసకలో కూర్చుండిపోయారు. ఆవిడ పేరు డాక్టరు ఇందుమతి. కొండమీద తెల్లటి మేడలో ఆవిడ ప్రయోగశాల. పదేళ్ళుగా ఒక యంత్రం తయారు చేస్తున్నారు. ఇంట్లో ఆవిడ చెల్లెలు హిమజ రెండేళ్ళుగా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తినమంటే తింటుంది, స్నానం చెయ్యమంటే చేస్తుంది, మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. బతకడం ఎందుకని అడుగుతుంది. అక్కకు జవాబు తెలియదు. అందుకే యంత్రం.

ఇవన్నీ మసేనుకు తర్వాత తెలిశాయి. ఆ పూట తెలిసింది ఒక్కటే, కారెక్కించి కొండమీదకు తీసుకెళ్తారని. ఆయనకు కారంటే సరదా.

కుర్చీలో కూర్చోబెట్టి తలమీద ఒక టోపీ పెట్టారు. వానలో రైతులు పెట్టుకునే తాటాకు గొడుగులా ఉంది, చుట్టూ తీగలు వేలాడుతున్నాయి. ఎదురుగా నల్లటి తెర. ఇందుమతి గారు ఏదో మీట నొక్కారు. తెరమీద ఒక మెరుపు, పక్కన ఇంకోటి, ఆపైన గుప్పెడు. చూస్తూండగానే తెరంతా దీపావళినాటి మతాబులా అయిపోయింది.

"వీటిని మేము రవ్వలంటాం," అన్నారు ఆవిడ.

"ఉప్మా సేసుకుందుమా?"

ఆవిడ ఒక రవ్వమీద వేలు పెట్టారు. మసేను నోట్లో వెటకారం అక్కడే ఎండిపోయింది. ముక్కులోకి కర్పూరం వాసన వచ్చింది. తడిసిన తన మణికట్టును రెండు ముడతల చేతులు పట్టుకున్నాయి. శ్రీకాకుళం వైపు ముసలమ్మ. మనవణ్ణి తెచ్చి ఇచ్చినందుకు మసేను అరచేతిలో నుదురు పెట్టి, మాట రాక, ఊపిరి మాత్రం పీలుస్తోంది. ఎప్పటి సంగతి అది! తొమ్మిదేళ్ళు దాటింది. పూర్తిగా మరిచిపోయాడు. అయినా ఆ నుదుటి వేడి ఇప్పుడే తగిలినట్టుంది.

ఆవిడ వేలు తీశారు. మసేను కళ్ళు తుడుచుకున్నాడు.

"తిట్లు కూడా లోపల పడతాయి మసేను గారూ. కానీ ఏడాదికో రెండేళ్ళకో చల్లారిపోతాయి. మనసారా పెట్టిన దండం చల్లారదు. మనం మరిచిపోయినా అది అక్కడే వెలుగుతూ ఉంటుంది."

"అవి నాయి కావమ్మా. ఆ ముసలమ్మ సెయ్యి పట్టుకున్నా, దండం ఏళకి నాను పక్కకి జరిగిపోనాను. అన్నీ గంగమ్మయి."

"మీరు జరిగారు. అవి మాత్రం మీకే తగిలాయి."

మసేను నవ్వాడు. చదువుకున్నవాళ్ళకు సముద్రం సంగతులు తెలియవని సర్దుకున్నాడు. యంత్రం గంగమ్మ వాటాను పొరపాటున తన దగ్గర చూపిస్తోందనుకున్నాడు.

ఇందుమతి గారు మెల్లగా అడిగారు. బతకాలని లేనివాళ్ళు పదకొండుమంది ఉన్నారు. ఈ రవ్వల నకలు తీసి వాళ్ళలో వేస్తే, పొద్దున్న లేవాలనిపిస్తుందేమో. కాగితం జెరాక్సు తీసినట్టే, అసలు కాగితం మీ దగ్గరే ఉంటుంది. మీ ఇష్టం, ఆలోచించుకుని చెప్పండి.

"ఆలోసన దేనికి? నాయి కానప్పుడు నాదేటి పోద్ది? ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి." అక్కడికక్కడే వేలిముద్ర వేసేశాడు. సంతకం వచ్చినా వేలిముద్రే వేశాడు, కాగితం మీద అందంగా ఉంటుందని.

నాలుగు మంగళవారాలు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. నొప్పి లేదు, సూది లేదు. కునుకు పట్టేది. లేచేసరికి కాఫీ ఇచ్చేవారు.

మొదట తేడా పసిగట్టింది ఆయన భార్య పోలమ్మ. చింతకాయ పులుసులో నెత్తళ్ళ చేపలు వేసి పెట్టింది. ఆయనకు ప్రాణం అది. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు.

"ఏటి మావా, ఉప్పు సాలనేదా?"

"బాగానే ఉన్నాది."

"బాగుంటే గిన్నె నాకేవోడివి గదా!"

గుమ్మంలో కూర్చున్నాడు. దారిన కొబ్బరిబొండాల ఎర్నాయుడు సైకిలు ఆపి, "మసేనన్నా, మావోడు పదో తరగతి పాసైపోనాడు. నువ్వు తేబట్టి గదా ఈవేళ నాకు కొడుకున్నాడు!" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. మసేను అతన్ని చూశాడు. ఆ పిల్లాణ్ణి తెచ్చిన రోజు గుర్తుంది. కెరటం గుర్తుంది, పిల్లాడి నీలం నిక్కరు గుర్తుంది. కానీ పొరుగూరిలో ఎవరికో జరిగింది ఎవరో చెప్పగా విన్నట్టుంది. నోరు తెరిచి, "అలాగేటి," అన్నాడు. ఎర్నాయుడు బిక్కమొహం వేసుకుని సైకిలెక్కాడు.

ఆ రాత్రి నుంచి మసేను కడుపులో ఒక చలి మొదలైంది. దుప్పటి కప్పుకుంటే పోయే చలి కాదు.

భాద్రపదం చివర్లో కేక వచ్చింది. మధ్యాహ్నం పూట, ఎండ ఫెళ్ళున కాస్తోంది. "పోతన్నాడు, పోతన్నాడు!" అంటున్నారు ఎవరో. మసేను లేచి నిలబడ్డాడు. నల్లటి తల ఒకటి నీళ్ళమీద తేలి మునిగింది. ఎంత దూరమో, గుంజు ఎటు లాగుతోందో, ఏ కోణంలో వెళ్ళాలో అన్నీ తెలుస్తున్నాయి. కాళ్ళు మాత్రం కదలడం లేదు. కదపమని వాటికి చెప్పేవాడు లోపల ఎవరూ లేరు.

పక్కనుంచి రెండో ఈతగాడు కొర్లయ్య దూసుకుపోయాడు. వాడు పరిగెత్తడం, దూకడం, మనిషిని జుట్టు పట్టి తేవడం, అన్నీ మసేను నిలబడ్డచోటునుంచే చూశాడు. సినిమా హాల్లో కూర్చున్నవాడైనా కాస్త ఆత్రపడేవాడు.

"ఏటి బావా, అలగ రాయిలాగ నిలబడిపోనావు?" కొర్లయ్య రొప్పుతూ అడిగాడు. "కాలు పట్టీసిందా?"

"ఆఁ. పట్టీసింది."

అబద్ధం చెప్పాక సముద్రంకేసి చూశాడు. అప్పుడు జరిగింది అసలైనది. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ సముద్రం లోతు ఆయనకు కనబడలేదు. ఎంతసేపూ పైన ఆడే నీళ్ళు, పట్టుకోవలసిన తలా, అంతే. ఇప్పుడు పైన నీళ్ళు కనబడడం లేదు. కింద ఉన్నదంతా కనబడుతోంది. నల్లగా, నింపాదిగా, ఎవరినీ తిరిగి ఇవ్వవలసిన అవసరం లేనట్టు. మసేనుకు చెమటలు పోశాయి. నాలుగు అడుగులు వెనక్కి వేసి పడవ చాటున కూలబడ్డాడు.

మర్నాడే కొండెక్కాడు. ఈసారి నడిచే.

ఇందుమతి గారు టోపీ పెట్టి మీట నొక్కారు. తెర నల్లగా ఉంది. మళ్ళీ నొక్కారు. తీగలు తీసి గుచ్చారు. ఇంకో తెర తెచ్చారు. మూలన ఎక్కడో మూడు నాలుగు రవ్వలు, ఆరిపోయే కుంపటిలో ఉన్నట్టు. అంతే.

"అలా ఎలా అవుతుంది? నకలు మాత్రమే కదా తీసింది..." ఆవిడ తెరకు దగ్గరగా వంగారు. "చదివితే చెరిగిపోతున్నాయి. చదివినవి చదివినట్టే... నేను నకలు తియ్యలేదు మసేను గారూ. మీవి తీసేసి వాళ్ళకు పెట్టాను."

"గంగమ్మయి అనుకున్నాను," అన్నాడు మసేను. కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు. "నాయేనేటి అవి? ఇన్నేళ్ళూ నన్ను నీళ్ళలోకి తోసింది అయ్యేనేటి?"

ఆవిడ తల ఊపారు. వెలగని తెర మీటనే ఆవిడ మళ్ళీ మళ్ళీ నొక్కడం చూసి మసేనుకు ఇంకా భయం వేసింది. డాక్టరు భయపడకూడదు గదా, ఆ భాగం మనది.

అప్పుడే తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. పసుపురంగు చుడీదారు, అంచులు తడిగా, ఇసక అంటుకుని ఉన్నాయి. "అక్కా, ఇవాళ కెరటాలు ఎంత పెద్దగా ఉన్నాయో తెలుసా!" అని నవ్వుతూ వచ్చి, కుర్చీలో మనిషిని చూసి ఆగిపోయింది. ఆయన్ను ఎక్కడో చూసినట్టు, చాలా దగ్గరగా చూసినట్టు, తేరిపార చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది.

"మా చెల్లెలు," అన్నారు ఇందుమతి గారు. "గోడవైపు తిరిగి ఉండేదని చెప్పానే. మొదట దానికే వేశాను. ఇప్పుడు రోజూ బీచికి వెళ్తుంది. ఎందుకే అంటే ఊరికే అంటుంది." తీగలు చుట్టుకుంటూ, "తిరిగి మీకు పెట్టడానికి యంత్రాన్ని సరిచెయ్యాలి. నెల పడుతుంది. పెడతాను. అందరి దగ్గరా తీసి పెడతాను. దాని దగ్గర కూడా," అన్నారు. చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ తలుపువైపు చూడలేదు.

ఆ నెలంతా మసేను బీచికి వెళ్ళి పడవ చాటున కూర్చున్నాడు. ఇంట్లో ఉంటే పోలమ్మ అడుగుతుంది. ఎదురుగా ఉంటే సముద్రం చూస్తుంది. పడవ చాటే నయం. కేక రాకూడదని మొక్కుకునేవాడు. వస్తే కొర్లయ్య ఉన్నాడులే అనుకునేవాడు. అలా అనుకున్నందుకు తనంటే తనకే వణుకు పుట్టేది. ఇంకెవరో తన లుంగీ కట్టుకుని, తన ఇంట్లో తిని, తన పెళ్ళాం పక్కన పడుకుంటున్నట్టుండేది.

ఒక పూట పోలమ్మ చెవిలో నిజం చెప్పేశాడు. చెప్పి, తిడుతుందని తల వంచుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "నీళ్ళంటే బయ్యమా? నీకా?" అని నోరు నొక్కుకుంది. తర్వాత నెమ్మదిగా, "మంచిదేలే మావా. ఇకనైనా ఇంటికాడుండు," అంది. ఆ మాట కూడా ఆయన్ను భయపెట్టింది. ఎందుకంటే హాయిగా వినిపించింది.

కార్తీకమాసం మొదటి ఆదివారం వచ్చింది. మర్నాడు సోమవారం యంత్రం సిద్ధం, రమ్మని డాక్టరు గారు కబురు పంపారు. ఒక్క రోజు గడిస్తే చాలు.

ఆ ఒక్క రోజే బీచి కిటకిటలాడింది. వనభోజనాల బస్సులు బారులు తీరాయి. పులిహోర వాసన, పిల్లల గోల, మైకులో పాటలు. కొర్లయ్య ఉత్తరపు కొసకు వెళ్ళాడు. సరిగ్గా పడవకు ఎదురుగా, గుంజు ఉన్నచోట, లావుపాటి మనిషి ఒకాయన రెండు చేతులూ పైకెత్తి మునిగాడు.

కేక లేచింది. మసేను పడవ చెక్కను పట్టుకుని చూశాడు.

జనంలోంచి పసుపురంగు చుడీదారు విడివడింది. హిమజ. ఎడమ భుజం ముందుకు తోసి, తల వంచి, కుమ్మడానికి వచ్చే ఎద్దులా పరిగెత్తుతోంది. జనం దారి ఇచ్చారు. "బలే పరిగెడతంది రా ఆ గుంట!" అన్నారెవరో. మొదటి కెరటం కిందనుంచి దూరింది, అచ్చం ఆయన దూరినట్టే. రెండోది వచ్చి తలమీద పడింది. పైకి తేలాక ఆ అమ్మాయి చేతులు గాలిని కొట్టాయి. మళ్ళీ కొట్టాయి. నీళ్ళను ఎలా పట్టుకోవాలో ఆ చేతులకు తెలియదు.

మసేనుకు ఒక్కసారిగా అర్థమైంది. తన పరుగు, తన భుజం, తన తలవంపు, తన తొందర, అన్నీ నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. ఈత ఒక్కటే ఒడ్డున, తన దగ్గర మిగిలిపోయింది.

తననెవరూ చూడడం లేదు. పడవ చాటునే ఉండిపోవచ్చు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. పసుపురంగు ఒకసారి మునిగి లేచింది.

ఆయన వెళ్ళాడు. ఎద్దులా కాదు. పిల్లాణ్ణి బలవంతంగా బడికి ఈడ్చుకెళ్ళినట్టు తన కాళ్ళను తానే ఈడ్చుకుంటూ, "బయ్యం, బయ్యం, ఓలమ్మ బయ్యం," అని పైకే అరుస్తూ వెళ్ళాడు. పక్కనున్నవాళ్ళు అదేదో మంత్రమనుకున్నారు. మోకాళ్ళదాకా నీళ్ళు వచ్చేసరికి కడుపులో ఉన్నది కక్కాడు. నడుందాకా వచ్చేసరికి దూకాడు. దూకాక చేతులు వాటంతట అవే పనిచేశాయి. చేతులకు రవ్వలతో పనిలేదు, ఇరవైమూడేళ్ళ అలవాటు చాలు. తలకాయకు మాత్రం ప్రతి బారకూ ఒకటే మాట తోచింది, కింద ఏముందో చూడకు.

హిమజ జుట్టు అందింది. కానీ ఆ అమ్మాయి తిరిగి ఆయన మెడను వాటేసుకుంది. ఇద్దరూ మునిగారు. మునిగేవాళ్ళు మెడ పట్టుకుంటారని ఆయన వందమందికి చెప్పి ఉంటాడు, విడిపించుకోవడమూ తెలుసు. అయినా ఆ పచ్చటి చీకట్లో నోటినిండా ఉప్పునీళ్ళు పోతుంటే, చచ్చిపోతున్నానని మొట్టమొదటిసారి అనుకున్నాడు. అనుకుని ఏడ్చాడు. నీళ్ళలో ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదొక్కటే సుఖం. ఏడుస్తూనే ఆ అమ్మాయి మోచేయి కింద దూరి, వెనక్కి తిప్పి, జుట్టు పట్టి, కాళ్ళతో తన్నాడు.

ఒడ్డుకు వచ్చేసరికి, కేక విని పరిగెత్తుకొచ్చిన కొర్లయ్య లావుపాటాయన్ను తెచ్చి బోర్లా పడుకోబెట్టి వీపు తడుతున్నాడు. హిమజ నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, "ఆయన బతికాడా?" అంది.

"ఆడు బతికినాడు. నువ్వు సచ్చేదానివి. నీకు ఈత వచ్చునా?"

"రాదు."

"మరెందుకు దిగినావే గుంటా?" చెయ్యి ఎత్తాడు. కొట్టకుండానే దించేశాడు.

హిమజ మోకాళ్ళు దగ్గరకు తీసుకుంది. "నాకు రోజూ ఒక ముసలమ్మ కల్లోకి వస్తుంది బాబాయ్. కర్పూరం వాసన వస్తుంది. నా చేతిలో నుదురు పెట్టి ఏడుస్తుంది. అలాంటివాళ్ళు ఇంకా ఎంతోమంది. అందరూ నాకు దండం పెడతారు. నేనేం చేశానని? నేను ఎవరికీ ఏమీ చెయ్యలేదు. రెండేళ్ళు గోడ చూస్తూ పడుకున్నాను. చెయ్యని పనికి అన్ని దండాలు పెడుతుంటే ఎలా పడుకోను? ఏదో ఒకటి చెయ్యాలి కదా. కేక వినబడగానే, ఇదే, దీనికే వాళ్ళు పెట్టింది, అనిపించింది."

మసేను పక్కన కూలబడ్డాడు. ఆ అమ్మాయి ఆయన భుజానికి తల ఆన్చి, "మీరు రాకపోతే..." అని, వెక్కిళ్ళలో మిగతాది మింగేసింది.

ఆయన లోపల ఏదో పడింది. సామానంతా ఖాళీ చేసిన ఇంట్లో ఒక్క గిన్నె కిందపడితే ఎంత మోత వస్తుందో అంత మోత. నొప్పి పుట్టింది. దానికి కూడా భయపడ్డాడు. అది అక్కడే ఉంటుందని, రేపు కేక వస్తే మళ్ళీ పొమ్మంటుందని తెలిసిపోయింది.

సోమవారం కొండమీద కుర్చీ సిద్ధంగా ఉంది. పక్కన ఇంకో కుర్చీలో హిమజ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇందుమతి గారికి నిన్నటి సంగతంతా తెలుసు. కళ్ళు వాచి ఉన్నాయి.

"కూర్చోండి మసేను గారూ. ముందు దీనివి తీస్తాను. నిన్న జరిగింది చాలు."

"తీసీసినాక?"

జవాబు హిమజ చెప్పింది. "మళ్ళీ గోడే." ఏడవలేదు, బెదరలేదు. రైలు ఏ ఊరు వెళ్తుందో చెప్పినట్టు చెప్పింది.

"మిగతా పదిమంది ఎలాగున్నారమ్మా?"

"బాగున్నారు. ఒకాయన కొట్టు తెరిచాడు. ఒకావిడ ఏడేళ్ళ తర్వాత పిల్లలతో మాట్లాడింది." ఇందుమతి గారు కాగితాలు సర్దారు, సర్దినవే మళ్ళీ సర్దారు. "అందరూ ఒక్కటే అడుగుతున్నారు. సముద్రం చూడాలట. ఒకాయన నిజామాబాదు మనిషి, పుట్టాక సముద్రం చూడలేదు. టిక్కెట్టు తీసుకున్నానని పొద్దున్న ఫోను చేశాడు."

మసేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పదిమంది. పది పరుగులు. ఆయన తలమీద పెట్టబోతున్న టోపీని చేత్తో పక్కకు నెట్టాడు. తీసుకుంటే ఈ భయం పోతుంది. పులుసు రుచి తెలుస్తుంది, ఎర్నాయుడు కళ్ళలో తడి తెలుస్తుంది, తన ఒంట్లో తాను ఉంటాడు. ఎంత కావాలనిపించిందంటే, పళ్ళు బిగబట్టాడు.

"నాకొద్దు. ఆళ్ళకాడే ఉండనీండి."

"మీరు మళ్ళీ భయంతోనే..."

"బయ్యంతోనే నిన్న దిగినాను గదా. దిగాలంటే బయ్యంతోనైనా దిగొచ్చు, అదో సావు, అంతే." లేచి నిలబడ్డాడు. "ఆ పదిమందిలో ఎవుడికైనా ఈత వచ్చునేమో కనుక్కోండి."

కనుక్కున్నారు. ఒక్కడికీ రాదు.

వారం తిరక్కుండా పదకొండుమందీ గవ్వలపాలెం ఒడ్డుమీద వరసగా నిలబడ్డారు. తెల్లవారి ఎండ ఇంకా చురుక్కుమనలేదు, ఆటు మీద సముద్రం వెనక్కి తగ్గి ఉంది. కొట్టు తెరిచినాయన పొట్టమీద తువ్వాలు కట్టుకున్నాడు. నిజామాబాదు ఆయన నోరు తెరిచి చూస్తున్నాడు. పిల్లలతో మాట్లాడినావిడ చీర ఎగదోపింది. చివరన హిమజ. డాక్టరు గారు, పోలమ్మ, కొర్లయ్య పడవ పక్కన ఉన్నారు.

"ముందు ఇసకలో బోర్లా పడుకోండి," అన్నాడు మసేను. "కాళ్ళాడించడం నేర్సుకోవాల."

దూరంగా రేవు దగ్గర ఎవరో కుర్రకారు ఆటలో "ఓయ్!" అని ఒక కేక పెట్టారు. ఆపదా కాదు, ఏమీ కాదు. కానీ పదకొండు తలలు ఒక్కసారే సముద్రంవైపు తిరిగాయి. పదకొండు ఎడమ భుజాలు ముందుకు వచ్చాయి. పదకొండు మొహాల్లో ఒకటే చూపు. ఆ చూపు ఆయన ఏనాడూ చూడలేదు. అద్దంలో మనిషి తన పరుగు చూసుకోలేడు గదా.

"ఆగండి!" చేతులు బార చాపి అడ్డం నిలబడ్డాడు. "ఆగండి, దండం పెడతాను, ఎవురూ కదలకండి!"

ఆగారు. ఊగుతూ, మడమలెత్తి, అతికష్టంమీద ఆగారు.

"ఇప్పుడు తెలిసిందేటి మావా?" పడవ దగ్గరనుంచి పోలమ్మ అంది. వెటకారానికి అనలేదు. "కేక ఇనబడినప్పుడల్లా నాకలాగుండేది."

ఆయన ఆవిడవైపు చూడలేదు. వాళ్ళమీద నుంచి కళ్ళు తిప్పడానికి లేదు. అలా చేతులు చాపుకునే వెనక్కి ఒక అడుగు వేశాడు. నీళ్ళు చీలమండలకు తగిలి ఒళ్ళు జలదరించింది. ఇంకో అడుగు. మోకాళ్ళు. కెరటాన్ని చూడకుండా నిలబడితే ఏం జరుగుతుందో పేటలో పసివాళ్ళకు కూడా తెలుసు. అయినా మసేను సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ప్రమాదం ఇప్పుడు ఒడ్డుమీద ఉంది.

"ఒక్కొక్కరే," అన్నాడు. "నాను సెయ్యి పట్టుకున్నాకే."